‘తాగనోడెవడు?’ అనే మాటకు లెక్క చూసి జవాబు

ప్రశ్న: మాది కరీంనగర్ దగ్గర ఒక మండల కేంద్రం. మా ఆయనకు 42 ఏళ్లు. బోరు మోటార్లకు వైండింగ్ చేసే షాపు ఉంది. పెళ్లయిన కొత్తలో పండక్కో పబ్బానికో నైంటీ తాగేవారు. ఇప్పుడు రోజూ రాత్రి క్వార్టర్, ఆదివారమైతే హాఫ్. పొద్దున చేతులు వణికి, రాగి తీగ స్లాట్‌లో దూరదు. పదింటికి అలా బయటికి వెళ్లొస్తే వణుకు ఆగిపోతుంది. తగ్గించుకుంటానని రెండు మూడుసార్లు ఒట్టు పెట్టారు, వారం కూడా నిలవలేదు. తాగే బండి నడుపుతారు. అడిగితే ‘రాష్ట్రంలో తాగనోడెవడు? నేను తాగుబోతునైతే అందరూ తాగుబోతులే. పోయినేడు మాల వేసుకుని 41 రోజులు ముట్టలేదు కదా’ అంటారు. నిజమే, ముట్టలేదు. కానీ మాల వేసిన మొదటి మూడు రోజులు ఒళ్లంతా చెమటలు, నిద్ర లేదు. ఒక రాత్రి గోడ మీద పురుగులు పాకుతున్నాయన్నారు. మాల తీసిన రోజు సాయంత్రమే హాఫ్ తాగారు. మా అత్తమ్మ ‘మగవాళ్లన్నాక తాగరా’ అంటుంది. ఆడబిడ్డ కూరలో కలిపే పొడి ఏదో తెప్పిస్తానంటోంది. ఇంతమంది తాగుతుంటే ఇది జబ్బెలా అవుతుంది? ఈ కార్తీకంలో మళ్లీ మాల వేస్తారట, అంతవరకూ ఆగితే సరిపోతుందా?

జవాబు: అమ్మా, మీరు చివర అడిగినదానికే ముందు జవాబు చెప్పాలి. ఆగకండి. డాక్టరుకు చూపించకుండా ఈసారి మాల వేసుకుని ఉన్నపళంగా మందు ఆపడం మీవారి ప్రాణానికే ప్రమాదం. ఆ రాత్రి గోడ మీద కనబడ్డ పురుగులే అందుకు గుర్తు. దాని సంగతి వివరంగా చెబుతాం. అయితే మీవారు లెక్కల మాట ఎత్తారు కాబట్టి, ముందు ఆ లెక్కలు చూద్దాం. ఇంట్లో ఈ మాట మళ్లీ మళ్లీ వస్తుంది, దానికి మీ దగ్గర జవాబుండాలి.

‘తాగనోడెవడు’ అన్నది నిజం కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15 ఏళ్లు దాటిన మగవాళ్లలో తాగేవాళ్లు నూటికి 43 మంది. దేశంలో అరుణాచల్ ప్రదేశ్ తర్వాత ఇదే ఎక్కువ. ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 23, దేశం మొత్తం మీద 19. అంటే ఇంత తాగే రాష్ట్రంలో కూడా సగానికి పైగా మగవాళ్లు తాగరు. పైగా ఆ 43 మందిలో రోజూ తాగేవాళ్లు, వారానికోసారి తాగేవాళ్లు, పెళ్లికో దావత్‌కో ఒక గ్లాసు పట్టుకునేవాళ్లు అందరూ కలిసే ఉన్నారు. మీవారు రోజూ తాగే గుంపులో ఉండి, 43 మందినీ తనకు తోడు చూపిస్తున్నారు.

తాగేవాళ్ల లెక్క వేరు, తాగుడు జబ్బున్నవాళ్ల లెక్క వేరు. రెండోది తేల్చడానికే ఢిల్లీ ఎయిమ్స్‌లోని వ్యసన చికిత్సా కేంద్రం కేంద్ర ప్రభుత్వం కోసం పెద్ద సర్వే చేసింది. రెండు లక్షలకు పైగా ఇళ్లకు వెళ్లి, 4,73,569 మందిని అడిగి 2019లో నివేదిక ఇచ్చింది. 10 నుంచి 75 ఏళ్లవాళ్లలో తాగేవాళ్లు నూటికి 14.6, సుమారు 16 కోట్ల మంది. వాళ్లలో తాగుడు వల్ల హాని జరుగుతున్నవాళ్లు, దానికి బానిసలైనవాళ్లు కలిపి 5.7 కోట్లు. మొత్తం జనాభాలో ఇది నూటికి ఐదుకు కాస్త ఎక్కువ, తాగేవాళ్లలో మాత్రం మూడో వంతు. తాగే ముగ్గురిలో ఒకరికి వైద్య సాయం కావాలన్నమాట. ఆ ఒకరి సంగతే మీరు అడుగుతున్నారు. ఈ జబ్బు జనాభాలో నూటికి పది మందికి పైగా ఉన్న ఐదు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్‌ను కూడా ఆ నివేదిక చేర్చింది.

బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ 2015-16లో చేసిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో 18 ఏళ్లు దాటినవాళ్లలో ఈ జబ్బు నూటికి 4.6 మందికి ఉందని తేలింది. మగవాళ్లను మాత్రమే తీసుకుంటే నూటికి తొమ్మిది. వయసు హద్దు, అడిగే ప్రశ్నలు, ఎంచుకున్న రాష్ట్రాలు మారితే సంఖ్య మారుతుంది. నిమ్హాన్స్ వెళ్లిన 12 రాష్ట్రాల్లో తెలుగు రాష్ట్రాలు లేవు. ఒక సంగతి మాత్రం రెండు సర్వేల్లోనూ ఒకటే. ఇంటి గుమ్మంలో ఎవరో తెలియని మనిషి వచ్చి అడిగితే తాగుడు సంగతి ఉన్నది ఉన్నట్టు చెప్పేవాళ్లు తక్కువ. కాబట్టి అసలు సంఖ్య వీటికన్నా ఎక్కువే ఉండొచ్చు.

ఇక్కడ ఒక్క విషయం గమనించండి. ఈ కోట్ల మంది రోడ్డు పక్కన పడిపోయి దొరికినవాళ్లు కాదు. సర్వేవాళ్లు తలుపు తడితే ఇంట్లో ఉన్నవాళ్లు. షాపు తెరిచేవాళ్లు, డ్యూటీకి వెళ్లేవాళ్లు, పిల్లల ఫీజు కట్టేవాళ్లు. ‘పని మానలేదు కదా, నేను తాగుబోతునెలా అవుతాను’ అన్న వాదన ఇక్కడే తప్పుతుంది. ఈ జబ్బున్నవాళ్లలో ఎక్కువమంది పని చేసుకుంటూనే ఉంటారు, ఏళ్ల తరబడి. బానిస స్థితికి చేరినవాళ్లలో ఎప్పుడైనా, ఏ రకం చికిత్సయినా అందింది 38 మందిలో ఒకరికేనని ఎయిమ్స్ నివేదిక చెప్పింది. ఇంతమందికి ఉన్నా జబ్బులా కనిపించకపోవడానికి ఇదే కారణం. చికిత్సకు వచ్చేవాళ్లే లేకపోతే పక్కింట్లో ఉన్నా తెలియదు. ఎక్కువమందికి ఉన్నంత మాత్రాన జబ్బు కాకుండా పోతుందా? షుగరు, బీపీ సంగతి చూడండి. మన ఊళ్లలో ఇంటికొకరికి ఉన్నాయి, అయినా మందు వేసుకోవద్దని ఎవరూ అనరు.

ఇక మీవారి తాగుడు ఎంత? సీసా లెక్క వదిలేసి అందులో ఉన్న ఆల్కహాలు చూడాలి. మన విస్కీ, బ్రాందీలలో నూటికి 42.8 పాళ్లు ఆల్కహాలు. 180 మిల్లీలీటర్ల క్వార్టర్‌లో అది 77 మిల్లీలీటర్లు, తూకంలో సుమారు 61 గ్రాములు. మన దేశంలో డాక్టర్లు 10 గ్రాములను ఒక డ్రింక్ కింద లెక్కిస్తారు. 30 మిల్లీలీటర్ల చిన్న పెగ్గులో ఉండేది అంతే. అంటే క్వార్టర్ ఆరు డ్రింకులు. హాఫ్ అయితే 375 మిల్లీలీటర్లు, పన్నెండు దాటుతుంది. వారానికి ఆరు క్వార్టర్లు, ఒక హాఫ్ కలిపితే సుమారు 49 డ్రింకులు. పొద్దున పదింటికి బయటికెళ్లి తాగుతున్నది ఇందులో కలపలేదు. మగవాళ్లు రోజుకు 60 గ్రాములు దాటితే ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని అధిక ప్రమాదం కిందే లెక్కిస్తుంది. ‘సరే, బీరుకు మారతా’ అంటే దాన్ని తగ్గించడం అనుకోకండి. 8 శాతం స్ట్రాంగ్ బీరు పెద్ద సీసా ఒక్కదానిలో 41 గ్రాములు, అంటే నాలుగు పెగ్గులు ఉంటాయి.

ప్రపంచ ఆరోగ్య సంస్థదే పది ప్రశ్నల పరీక్ష ఒకటుంది, ఆడిట్ అంటారు. అందులో మొదటి మూడు ప్రశ్నలు చాలు, తొలి అంచనాకు. ఎన్నాళ్లకోసారి తాగుతారు? తాగిన రోజు ఎన్ని డ్రింకులు? ఆరు, ఆపైన తాగడం ఎంత తరచుగా జరుగుతుంది? మగవాళ్లకు పన్నెండుకు నాలుగు మార్కులొస్తే జాగ్రత్తపడాలి. మీరు రాసినదాన్ని బట్టి మీవారికి రోజూ తాగినందుకు నాలుగు, ఆరు డ్రింకులకు రెండు, అది రోజూ జరుగుతున్నందుకు నాలుగు, మొత్తం పది వస్తాయి.

జబ్బు ఉందా లేదా అన్నది మాత్రం ఎంత తాగుతున్నారన్నదాన్ని బట్టి తేల్చరు. డాక్టర్లు పదకొండు లక్షణాలు చూస్తారు. ఒకే ఏడాదిలో రెండు ఉంటే జబ్బు మొదలైనట్టు, నాలుగైతే ఓ మోస్తరు, ఆరు, ఆపైన ఉంటే తీవ్రం. మీ ఉత్తరంలో ఉన్నవే చూద్దాం. నైంటీతో ఎక్కిన మత్తుకు ఇప్పుడు క్వార్టర్ కావాలి, అదొకటి. తాగకపోతే వణుకు, తాగితే ఆగడం రెండోది. తగ్గించాలనుకుని తగ్గించలేకపోవడం మూడు. తాగి బండి నడపడం నాలుగు. మిగతావి మీరే ఆలోచించండి. ఒక గ్లాసే అని కూర్చుని సీసా ఖాళీ చేయడం, తాగడానికీ తేరుకోవడానికీ రోజులో చాలా సమయం పోవడం, సాయంత్రమయ్యేసరికి మనసు అటే లాగడం, ఇంటి పని, షాపు పని చెడడం, గొడవలవుతున్నా మానకపోవడం, ఇష్టమైన పనులూ స్నేహాలూ వదిలేయడం, కడుపునొప్పో లివరు వాపో ఉందని డాక్టరు చెప్పినా తాగడం. ఉత్తరం చూసి మేము జబ్బు నిర్ధారించలేం, అది మనిషిని చూసిన డాక్టరు పని. కానీ నాలుగు లక్షణాలు మీరే చేత్తో రాసి పంపారు.

ఇప్పుడు మాల సంగతి. 41 రోజులు ఆపగలిగారంటే జబ్బు లేదనుకుంటున్నారు. ఆ 41 రోజులూ ఎలా గడిచాయో చూడండి. నల్ల బట్టలు, మెడలో మాల, ఎదురైనవాళ్లంతా ‘స్వామీ’ అని పిలవడం, పొద్దున సాయంత్రం పూజ, పర్మిట్ రూమ్ స్నేహితులు దూరం, చుట్టూ అదే దీక్షలో ఉన్న మనుషులు. మనిషిని నిలబెట్టడానికి ఇంతకన్నా మంచి ఏర్పాటు దొరకదు. నిజంగా గొప్ప బలం అది, దాన్ని తక్కువ చేయకండి. కానీ మాల తీసిన రోజున అవన్నీ ఒక్కపూటలో పోతాయి, మెదడులో కోరిక మాత్రం అలాగే ఉంటుంది. డాక్టర్ల లెక్కలో మూడు నెలలు లక్షణాలు లేకపోతేనే తొలి దశ కోలుకోవడం, ఏడాది దాటితేనే నిలకడ. అందుకు 41 రోజులు చాలవు. పైగా ఆపిన నెలన్నరలో ఒంటికి మందు తట్టుకునే అలవాటు తగ్గిపోతుంది. ఆ స్థితిలో పాత కొలతకు ఒకేసారి హాఫ్ తాగడం మామూలు రోజుల్లో తాగినదానికన్నా ప్రమాదం.

పురుగుల సంగతి ఇంకా ముఖ్యం. రోజూ తాగే మనిషి మెదడు మద్యం తెచ్చే మందగింపుకు అలవాటుపడి, దాన్ని తట్టుకోవడానికి లోలోపల వేగం పెంచుకుంటుంది. మందు హఠాత్తుగా ఆగితే ఆ వేగం ఒక్కటే మిగులుతుంది. చివరి గ్లాసు తర్వాత ఆరు నుంచి పన్నెండు గంటల్లో వణుకు, చెమటలు, గుండెదడ మొదలవుతాయి. మీవారికి ప్రతి పొద్దునా జరుగుతున్నది ఇదే. రెండు రోజుల్లోపు ఫిట్స్ రావచ్చు. లేనివి కనబడటం, వినబడటం ఈ సమయంలోనే మొదలవుతుంది. రెండు నుంచి నాలుగు రోజుల మధ్య కొందరికి జ్వరం, తీవ్రమైన గందరగోళం, ఎక్కడున్నారో తెలియకపోవడం వస్తాయి. అది చికిత్స అందకపోతే ప్రాణం తీసే స్థితి. ఇలా ఆపడం, మళ్లీ మొదలెట్టడం పదే పదే జరిగితే తర్వాతిది ముందుదానికన్నా గట్టిగా రావచ్చు. పోయినేడు పురుగులతో పోయింది. ఈసారి ఫిట్స్ రావని ఎవరూ చెప్పలేరు. దీక్షలో ఒంటిపూట భిక్ష, సరిగా నిద్ర లేకపోవడం కూడా తోడైతే ఒళ్లు మరీ నీరసిస్తుంది.

అందుకే మాల వద్దని మేము అనం. క్రమం మార్చండి. మాల వేసే రోజుకు కనీసం రెండు మూడు వారాల ముందే డాక్టరు దగ్గరికి వెళ్లి, అక్కడే మందు ఆపాలి. ఇందుకు క్లోర్‌డయాజెపాక్సైడ్, డయాజెపామ్ లాంటి మాత్రలు మొదట ఎక్కువిచ్చి, రోజురోజుకూ తగ్గిస్తూ వారం పది రోజుల్లో ఆపేస్తారు. లివరు దెబ్బతిని ఉంటే లోరాజెపామ్ వాడతారు. ఇవి వేసుకుంటూ పైన మందు తాగితే ఊపిరి ఆగే ప్రమాదం ఉంది. పది రోజులకు మించి సొంతంగా కొనసాగిస్తే వీటికే అలవాటుపడతారు. కాబట్టి మాత్రలు మీ చేతిలో ఉండాలి, పూటకెన్నో డాక్టరు రాసిన చీటీ చూసే ఇవ్వాలి. పురుగులు కనబడ్డ చరిత్ర ఉంది కాబట్టి మీవారిని ఆసుపత్రిలో చేర్చుకునే ఇవి ఇవ్వాలని డాక్టరు అనొచ్చు. అంటే ఒప్పుకోండి.

మన దగ్గర ఇంకో పొరపాటు జరుగుతుంది. మనిషి వణుకుతున్నాడని ఊళ్లో ఆర్‌ఎంపీ గ్లూకోజ్ సీసా ఎక్కిస్తాడు. చాలా ఏళ్లుగా తాగేవాళ్ల ఒంట్లో థయమిన్ అనే బి1 విటమిన్ అడుగంటి ఉంటుంది. గ్లూకోజును వాడుకోవడానికి అదే కావాలి. ఉన్న కాస్తా గ్లూకోజుకే ఖర్చయిపోతే మెదడు దెబ్బతింటుంది. తూలుడు, చూపు రెండుగా కనబడటం, మాట పొంతన లేకపోవడం దాని గుర్తులు, కొందరికి జ్ఞాపకశక్తి శాశ్వతంగా పోతుంది. థయమిన్ ఇంజెక్షన్ ముందు, గ్లూకోజ్ తర్వాత. ఎవరు సెలైన్ పెట్టబోయినా ‘బి1 ఇచ్చారా?’ అని అడగండి.

అవసరం రాకూడదు గానీ, ఫిట్స్ వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టండి, తల కింద మెత్తటిది పెట్టండి. చేతిలో తాళాలు పెట్టొద్దు, నోట్లో చెంచా, నీళ్లు ఏవీ పెట్టొద్దు. 108కి ఫోన్ చేసి, మందు ఎప్పుడు ఆపారో చెప్పండి.

ఆడబిడ్డ తెప్పిస్తానన్న పొడిని ఇంట్లోకి రానివ్వకండి. ఇలా రహస్యంగా కలిపేవాటిలో డైసల్ఫిరామ్ ఉండొచ్చు. అది ఒంట్లో ఉండగా మందు తాగితే, మద్యం విరిగి ఏర్పడే విషం బయటికి పోక పేరుకుంటుంది. మొహం ఎర్రబడి, గుండె దడదడలాడి, వాంతులై, బీపీ పడిపోతుంది. గుండె బలహీనంగా ఉన్నవాళ్లు చనిపోవచ్చు కూడా. డాక్టర్లూ డైసల్ఫిరామ్ ఇస్తారు. కానీ మనిషికి చెప్పి, ఒప్పించి, చివరి గ్లాసు తర్వాత కనీసం 12 గంటలు గడిచాకే ఇస్తారు. మాత్ర ఆపినా రెండు వారాల వరకు ప్రభావం ఉండొచ్చని కూడా చెబుతారు. తెలియకుండా పెడితే ఆయన తాగుతారు, ఏమైందో డాక్టరుకు చెప్పేవాళ్లుండరు. ఆ తర్వాత మీ చేతి వంట మీద నమ్మకం పోవడం ఇంకో నష్టం.

కోరిక తగ్గించే మందులు వేరే ఉన్నాయి, మాల తీశాక అసలు అక్కరకొచ్చేవి ఇవే. నాల్‌ట్రెక్సోన్ రోజుకు 50 మిల్లీగ్రాములు ఒక మాత్ర. తాగితే వచ్చే హుషారును తగ్గిస్తుంది. లివరు పరీక్ష చూసి మొదలుపెడతారు, ట్రమడాల్ లాంటి నొప్పి మాత్రలు వాడేవాళ్లకు ఇవ్వరు. అకాంప్రోసేట్ 333 మిల్లీగ్రాములవి పూటకు రెండు చొప్పున మూడు పూటలు. దానికి కిడ్నీ పరీక్ష కావాలి. లివరు బాగా చెడినవాళ్లకు బాక్లోఫెన్ వైపు చూస్తారు. ఇవి నెలల తరబడి వాడాల్సినవి. చాలామంది నెలకే బాగుందని ఆపేస్తారు, చాలా ఇళ్లలో తాగుడు తిరిగి మొదలయ్యేది అక్కడే.

విస్కీ మానేసి కల్లుకు మారతానంటే ఒప్పుకోకండి. మన జిల్లాల్లో దుకాణాల్లో అమ్మే కల్లులో అల్‌ప్రాజోలామ్, క్లోరల్ హైడ్రేట్ కలిపిన కేసులు ఎన్నో బయటపడ్డాయి. 2020 లాక్‌డౌన్‌లో కల్లు ఒక్కసారిగా ఆగిపోయి, హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక వైద్యశాలకు జనం వరుసకట్టింది అందుకే. ఇప్పటికే మధ్యలో కల్లు తాగుతుంటే డాక్టరుకు ఆ మాట తప్పక చెప్పండి, ఇచ్చే మాత్రల లెక్క మారుతుంది.

మీవారితో మాట్లాడటానికి రాత్రి పనికిరాదు. మరీ పొద్దున్నే వద్దు, వణుకులో ఉంటారు. షాపులో పని కాస్త తేలికపడిన మధ్యాహ్నం పూట, అత్తమ్మ, ఆడబిడ్డ లేనప్పుడు మాట్లాడండి. ‘తాగుబోతు’ అన్న మాట వాడకండి. కళ్లతో చూసింది ఒక్కటే చెప్పండి: ‘నిన్న తీగ మూడుసార్లు స్లాట్ తప్పింది, నాకు భయమేసింది. వణుకు నరాల డాక్టరుదా, ఇంకేదా అన్నది తెలుసుకుందాం.’ చేతి పనితనం మీద బతికే మనిషికి చేతి మాట తగులుతుంది. డాక్టరు దగ్గరికి వెళ్లేవరకూ సీసాలు పారబోయకండి, గదిలో పెట్టి తాళం వేయకండి. అది ఇంట్లోనే హఠాత్తుగా ఆపినట్టవుతుంది. మీరు రాయలేదు గానీ, చేయి చేసుకునే పరిస్థితి వస్తే వాదించొద్దు, పిల్లలతో బయటికి వచ్చి 112కో 181కో ఫోన్ చేయండి.

ఎక్కడికి వెళ్లాలి? జిల్లా ప్రభుత్వ ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఓపీ చాలు. ముందు ఫోన్లో మాట్లాడాలంటే 14416, ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలీ మానస్. తెలుగులోనే మాట్లాడతారు. వ్యసనాల కోసమే ఉన్న కేంద్ర ప్రభుత్వ నంబరు 14446. రాత్రికి రాత్రి బండి పంపి మనిషిని ఎత్తుకెళ్తామనే ప్రైవేటు సెంటర్లకు డబ్బు కట్టకండి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం ఇలాంటి కేంద్రానికి రిజిస్ట్రేషన్ ఉండాలి, ఒప్పుకోని మనిషిని చేర్చుకోవడానికి డాక్టర్ల పరీక్ష, కారణాలు ఉండాలి. రిజిస్ట్రేషన్ కాగితం చూపించమని అడగండి.

ఓపీకి వెళ్లేటప్పుడు ఒక కాగితం రాసి పట్టుకెళ్లండి. వారం రోజుల్లో ఏ రోజు ఎంత తాగారో మిల్లీలీటర్లలో, పొద్దున తాగేది విడిగా, పోయినేడు మాల మొదటి మూడు రోజులూ ఏం జరిగిందో గంటలతో సహా, పురుగులు కనబడిన రాత్రి మందు ఆపి ఎన్ని గంటలైందో. పాత ఫిట్స్, తలకు దెబ్బ, కామెర్లు, వాడుతున్న మాత్రలు కూడా రాయండి. లివరు పరీక్షలు, రక్తకణాల పరీక్ష, షుగరు రాస్తారు, అవసరమైతే పొట్ట స్కాన్. ఆ రోజు వెళ్లేముందు పొద్దున అలవాటుగా తాగేదాన్ని బలవంతంగా ఆపించొద్దు. తాగి వచ్చారని తిట్టి పంపే డాక్టరు ఎదురైతే ఇంకో డాక్టరును అడగండి. చివరి గ్లాసు ఎన్నింటికో మాత్రం నిజం చెప్పండి, మొదటి మాత్ర ఎప్పుడు వేయాలన్నది దాన్ని బట్టే ఉంటుంది.